పలాస అని అచ్చయిన బ్యాడ్జి

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒక అట్టముక్క. మొన్న మా శాఖా గ్రంథాలయం నుంచి తిమింగలాల పుస్తకం మళ్లీ తెచ్చుకుంటే, అందులోంచి నా పాత బ్యాడ్జి జారిపడింది. ఎనిమిదేళ్ల క్రితం పేజీ గుర్తుకని పెట్టుకున్నాను. అంటే నా తర్వాత ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవలేదన్నమాట. మా మోర్మన్ క్రైస్తవ సంఘం వాళ్లు పెళ్లికాని యువతీయువకుల కోసం విశాఖపట్నంలో పెట్టిన పెద్ద సమ్మేళనంలో నా మెడలో వేలాడిన బ్యాడ్జి అది. నా పేరు కింద ఊరు పలాస అని అచ్చయి ఉంది. అది అబద్ధం. అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్ముతూ పెరిగిన దాన్ని, ఆ అబద్ధాన్ని అలా వదిలేయలేను.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరు; ఆ ప్రాంతమంతా ఇంటికొకరికి కిడ్నీ జబ్బు, నీళ్ల వల్లేనని అందరి అనుమానం. అప్పటికి నాన్న వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కి పలాస వెళ్లేవాడు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఊరి పేరు వినగానే మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడో వాళ్లయితే చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు తాగకుండానే కింద పెట్టి లేచారు. విశాఖలో ఉండే మా పిన్ని ద్వారానే నేను ఈ సంఘంలో చేరాను. సమ్మేళనం ఫారం కూడా ఆవిడే నింపింది. ఊరు అన్న గడి దగ్గర ఆగి నాకు ఫోన్ చేస్తే, పలాస అని రాసెయ్యమన్నాను. పిన్ని అలాగే రాసేసింది. అమ్మకి మాత్రం మా సంఘం ఎప్పుడూ వింతే. మిషన్ సేవకు వచ్చే ఇరవై ఏళ్ల కుర్రాళ్లని ఎల్డర్ అని పిలవడం చూసి, "మీసాలైనా రానేదు, ఈళ్లు పెద్దోళ్లేటి?" అనేది. అయినా ప్రయాణం రోజు రెండు లీటర్ల సీసాలో వాటర్ ప్లాంటు నీళ్లు నింపి, ఇంకెక్కడా తాగొద్దని మరీ మరీ చెప్పింది.

హాలు నిండా తెల్లచొక్కాలు, టైలు, నాకు తెలియని నాలుగైదు భాషలు. మా సంఘంలో టీ తాగరు కాబట్టి, రెండు రోజుల పాటు చేతిలో గ్లాసు లేక ఎవరితో ఎలా మాట కలపాలో నాకు తెలియలేదు. ఒకచోట కూర్చోలేక వరసలు మారుతూ తిరిగాను. ఎవరు దగ్గరకొచ్చినా ముందు వాళ్ల చూపు నా బ్యాడ్జి మీద పడేది, నా చెయ్యి దాన్ని మూసేది. అలా తిరుగుతూ ఉండగా, నాలాగే పెద్ద నీళ్ల సీసా చంకలో పెట్టుకున్న ఒకతను ఎదురయ్యాడు. బ్యాడ్జి మీద టెక్కలి అని ఉంది. తిమింగలం గుండె గురించి నేను గంటసేపు చెబితే గంటసేపూ విన్నాడు. అంతకుముందు మా గ్రంథాలయం మాస్టారు తప్ప అంత ఓపిక ఎవరికీ లేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇతనూ ఊరు వినగానే లేచిపోతే?

ఆదివారం, ఎవరికి తోచినట్టు వాళ్లు వేదికెక్కి తమ విశ్వాసం గురించి చెప్పుకునే సభ. నిజం చెప్పేయాలని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ చీర కుచ్చెళ్లు సర్దుకుంటున్నట్టు నటించి కూర్చున్నాను. ముందు వరసలో అతనూ సగం లేచి, టై సర్దుకుని కూర్చున్నాడు. నేనది పట్టించుకోలేదు.

సోమవారం ఒకే రైల్లో తిరిగొచ్చాం. గ్రంథాలయంలో నేను రైల్వే టైమ్‌టేబుల్ కూడా వదలకుండా చదివిన మనిషిని. టెక్కలి వాళ్లు నౌపడలో దిగాలి. నౌపడ వచ్చింది, పోయింది. అతను కిటికీలోంచి ఉప్పుమళ్లు చూస్తూ కూర్చున్నాడు. పలాసలో దిగాక, బంధువుల్ని కలవాలని అతను, బజారులో పని ఉందని నేను ఒకరికొకరం చెప్పుకుని విడిపోయాం. గంట తర్వాత ఉద్దానం వెళ్లే బస్సెక్కితే, వెనక సీట్లో సీసా పట్టుకుని అతను.

కండక్టర్ నా దగ్గరికొచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు. డబ్బులు మాత్రం చాచాను. "దిగే ఊరు సెప్పకపోతే టికెట్టెలా కొట్టీది?" అని విసుక్కున్నాడు. చెప్పాను. వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత వెనక సీటులోంచి, మా ఊరికి రెండు స్టాపుల అవతలి ఊరి పేరు వినిపించింది.

అప్పుడు తిరిగాను. "ఏటి బ్రదరూ, టెక్కలి ఇటొచ్చేసిందా?"

"మరి మీ పలాస ఏటైపోనాది సిస్టర్?" అన్నాడు. నవ్వబోయి ఆగి, సీసా వంక చూస్తూ అన్నాడు: "మా అమ్మ డయాలిసిస్‌కెల్తాది. ముందే సెప్తే మీరు మళ్లీ మాటాడరనుకున్నాను."

నేనూ అదే అనుకున్నానని చెప్పడానికి మా ఊరు వచ్చేదాకా పట్టింది.

ఆ అమ్మ తర్వాత నా అత్తగారయింది. నన్ను చూడగానే కొడుకుతో, "ఊళ్లు దాటి పిల్లని ఎతుక్కోమని పంపితే, తిరిగి తిరిగి ఉద్దానం పిల్లనే తెచ్చావేట్రా?" అంది. అని, మంచినీళ్లు ఇచ్చింది. తాగాను.

పేర్లు రాస్తే మావాళ్లకి నచ్చదు, అందుకని వరసలతోనే దండం పెడుతున్నాను. అబద్ధం రాసి పెట్టిన పిన్నికి, సీసా నింపిన అమ్మకి, టైమ్‌టేబుల్ కూడా ఇంటికి తీసుకెళ్లనిచ్చిన గ్రంథాలయం మాస్టారుకి, ఊరు చెప్పందే టికెట్ కొట్టని ఆ కండక్టర్‌కి. బ్యాడ్జి మీద పలాస కొట్టేసి, కింద పెన్నుతో ఉద్దానం అని రాశాను. ఇప్పుడు మూడు నెలలకోసారి మేమిద్దరం పలాసలో కిడ్నీ పరీక్షకి రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం గంటసేపు బల్ల మీద పక్కపక్కన కూర్చుంటాం. ఎనిమిదేళ్లు ఎలా గడిచిపోయాయో తెలియదు గాని, ఆ గంట మాత్రం ఇప్పటికీ గడవదు.