నాకూ ఒక సాక్ష్యం

చల్లారిన కాఫీ వాసన తగిలితే చాలు, అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా తెలుగు చర్చి ఇప్పటికీ గుర్తొస్తుంది. పొద్దున అమెరికన్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం అదే హాలు మాకు అద్దెకిచ్చేవారు. వాళ్ళు తాగి వెళ్ళిన కాఫీ వాసనలోనే మా పాటలూ, సాక్ష్యాలూ.

చిన్నప్పుడు ఆ సాక్ష్యాలంటే నాకు ప్రాణం. ఒక్కొక్కరే మైకు పట్టుకుని తమకొచ్చిన కష్టం, దేవుడు దాన్ని తీర్చిన తీరు చెబుతుంటే హాలంతా "స్తోత్రం" అనేది. మా ఇంటికి ఏ కష్టమూ రాదేమని నాకు ఒకటే దిగులు.

అందుకే డాడీ ఉద్యోగం పోయిందని తలుపు చాటున విన్నప్పుడు ఎగిరి గంతేశాను. శనివారమంతా అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను. మర్నాడు సాక్ష్యాలున్నాయా అని పాస్టర్ గారు అడగ్గానే పరిగెత్తి మైకు అందుకున్నాను.

"అందరికీ వందనాలు. మా డాడీకి జాబ్ పోయింది. స్తోత్రం."

హాల్లో తలలన్నీ డాడీ వైపు తిరిగాయి. అమ్మ తల దించేసుకుంది. ఆ సంగతి వాళ్ళు ఎవరికీ చెప్పలేదని నాకేం తెలుసు?

డాడీ మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డారు. మైకు లాక్కుంటారనుకున్నాను. నా చేతిలోనే ఉంచి, దాని దగ్గరికి వంగారు.

"పాప చెప్పింది నిజమే. ఇంకా ఏ దారీ కనబడలేదు. అయినా స్తోత్రం."

వెనక వరుసలోంచి ముందుగా "స్తోత్రం" అన్నది అమ్మే.

అక్కడ నేను విన్న సాక్ష్యాలన్నీ కష్టం తీరాక చెప్పినవే. నాకు కష్టమొస్తే గుర్తొచ్చేది మాత్రం, తీరకముందే డాడీ చెప్పిన ఆ ఒక్కటి.