ప్లగ్గు పీకారా?

ఆంటీ పోయారన్న కబురు మా పాత అద్దెవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపు పేరు "ప్లగ్గు పీకారా?" ఎప్పుడో వేళాకోళానికి పెట్టుకున్నాం, తర్వాత ఎవరమూ మార్చలేదు. ఆ పేరు కింద, "మీ ఆంటీ పొద్దున్న హాస్పిటల్లో పోయింది, మధ్యాహ్నానికి ఇంటికి తెస్తున్నాం" అని అంకుల్ పెట్టిన ఒక్క వాక్యం ఉంది. ఏడవాలో నవ్వాలో తెలియక ఫోను ఒళ్లో బోర్లా పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం షిఫ్టు కోసం నోయిడా ఆఫీసుకు పోతున్న క్యాబును వైశాలి వైపు తిప్పమని డ్రైవర్ భయ్యాకు చెప్పాను.

ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో ఆంటీవాళ్లది చిన్న మేడ. కింద ఆంటీ, అంకుల్. పైన మాలాంటి తెలుగు ఆడపిల్లలు, ఆ పైన డాబా మీద ఒంటరి గదిలో, అంటే ఢిల్లీవాళ్ల మాటలో బర్సాతీలో, మగపిల్లలు. ఆంటీ, అంకుల్ ఇద్దరూ కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగకాలమంతా ఆర్.కె. పురం క్వార్టర్లలో గడిపి, ఆ తర్వాత ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. పిల్లల్లేరు. అన్నేళ్లు హిందీలో నానినా ఆంటీ మాటలో కాకినాడ యాస చెక్కుచెదరలేదు. నేను నల్గొండ నుంచి సివిల్స్ కోచింగ్ కోసం వచ్చి ఆ ఇంట్లో దిగాను. సివిల్స్ రాలేదు గాని, ఉద్యోగం వచ్చి ఇందిరాపురం వెళ్లేదాకా ఆ మేడే నా ఇల్లు.

నా మొదటి చలికాలం గురించి చెప్పాలి. మా ఊళ్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాచుకుంటాం. కాగాయో లేదో తెలియాలంటే ఒకటే మార్గం, వేళ్లు ముంచి చూడటం. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నా వేళ్లకు అదే అలవాటు. ఢిల్లీలో కాగు లేదు, బజార్లో కొన్న రాడ్డు ఉంది. దాన్ని బకెట్లోకి దించి స్విచ్చు వేస్తే నీళ్లు కాగుతాయి. ఆ రోజు స్టీలు బకెట్లో రాడ్డు పెట్టాను. కాసేపాగి, ఒట్టికాళ్లతో బాత్రూములోకి వెళ్లి, వంగి చెయ్యి చాపానో లేదో వెనకనుంచి కేక వినపడింది.

"చెయ్యి తియ్యవే!"

బట్టలు ఆరేయడానికి డాబా మీదికి పోతున్న ఆంటీ. తడిబట్టలు అక్కడే వదిలేసి, నన్ను భుజం పట్టి బయటికి లాగారు. స్విచ్చు ఆపారు, ప్లగ్గు పీకారు. ఆ తర్వాత గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

"ఏమైంది ఆంటీ? నీళ్లు కాగినయా లేదా అని చూస్తున్న, గంతే," అన్నాను.

"రాడ్డు అందులో ఉండగా చెయ్యి పెడతారా ఎవరన్నా?"

"మా ఇంట్ల గట్లనే చూస్తం."

"మీ ఇంట్లో మంట కింద ఉంటుందే పిల్లా. ఇక్కడ నీళ్లలోనే ఉంది."

అంతకుమించి తిట్టలేదు. మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని నేను ముఖం ముడుచుకున్నాను. గయ్యాళి ఇంటావిడ తగిలిందని ఆ సాయంత్రం అమ్మకు ఫోనులో చెప్పాను కూడా.

మర్నాడు నా స్టీలు బకెట్టు మాయమై దాని చోట ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది. బాత్రూము గుమ్మంలో రబ్బరు చెప్పులు వచ్చాయి, గోడకు ఒక మేకు వచ్చింది. తర్వాత నాకు పాఠం. రాడ్డు నీళ్లలో మునిగాకే స్విచ్చు వెయ్యాలి. చూడాలనిపిస్తే ముందు స్విచ్చు ఆపాలి, ప్లగ్గు పీకాలి, రాడ్డు తీసి మేకుకు తగిలించాలి, అప్పుడు ముంచాలి వేళ్లు.

"స్విచ్చు ఆపుతే సాలదా ఆంటీ?"

"స్విచ్చును నమ్ముకోకు, ఆపినా ఒక్కోసారి కరెంటు ఉంటుంది. వైరింగు చేసినవాడు దాన్ని ఏ తీగ మీద పెట్టాడో నీకు తెల్సా, నాకు తెల్సా? పీకిన ప్లగ్గు అబద్ధమాడదు."

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే కిందినుంచి "ప్లగ్గు పీకారా?" అని కేక, పైనుంచి మేమంతా "పీకామాంటీ!" అని హాజరు పలకడం. బర్సాతీలో ఉండి వెళ్లిన ఒకతను పెళ్లి చేసుకుని భార్యను చూపించడానికి తీసుకొచ్చాడు. ఆంటీ అక్షింతలు వేసి, జాకెట్టు గుడ్డ పెట్టి, ఆ అమ్మాయిని అడిగిన మొదటి మాట, "స్నానానికి వెళ్లేముందు గీజరు ఆపుతున్నారా అమ్మా?" ఆ కొత్త పెళ్లికూతురు సిగ్గుతో చచ్చిపోయింది. మేం దాన్ని చెప్పుకుని ఏడాదిపాటు నవ్వుకున్నాం.

ఇల్లు కొన్నప్పుడు రంగులకన్నా, వంటింటి అరలకన్నా ముందు గేటు పక్కన గుంట తవ్వించారట. అందులో రాగి పలక, చుట్టూ ఉప్పూ బొగ్గూ, అక్కణ్ణుంచి బయల్దేరిన తీగ ఇంట్లో ప్రతి ప్లగ్గు మూడో కన్నానికి. చాలా ఇళ్లలో ఆ మూడో కన్నం అలంకారానికే ఉంటుందని, దాని వెనక ఏమీ ఉండదని ఆంటీ చెప్తేనే నాకు తెలిసింది. "రెండు తీగలు పని జరగడానికి, మూడోది మనం బతకడానికి," అనేవారు. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఆ తీగ సరిగా పనిచెయ్యదని, సాయంత్రాలు ఆ గుంటలో బకెట్టుతో నీళ్లు పోసేవారు. ఎదురింటి పంజాబీ దీదీకి ఇదంతా వింత. మొక్క లేదు, దేవుడూ లేడు, ఈవిడ నీళ్లు పోస్తోంది. ఏదో మద్రాసీ పూజ కాబోలనుకుని ఒకరోజు తనూ వచ్చి రెండు బంతిపూలు వేసి దణ్ణం పెట్టుకుంది. ఆంటీ వారించలేదు. "పెట్టుకోనీవే, నేను మాత్రం ఏం చేస్తున్నాను?" అన్నారు.

అదే దీదీని ఆంటీ ప్రతి వేసవీ అడిగేవారు, కూలర్‌కు ఎర్తింగ్, అంటే ఆ భూమి తీగ, ఉందా అని. ఇనప రేకు కూలర్, అడుగున నీళ్లు, నీళ్లలో పంపు. కూలర్ నడుస్తుండగానే దీదీ దానికి పైపుతో నీళ్లు నింపేది. "అరే బహన్‌జీ, ఇత్‌నే సాల్ సే చల్ రహా హై, కుఛ్ నహీఁ హువా," అని నవ్వేసింది ఒకసారి. ఇన్నేళ్లుగా నడుస్తోంది, ఏమీ కాలేదు కదా అని.

ఆంటీ నవ్వలేదు. "హమారే యహాఁ భీ కుఛ్ నహీఁ హువా థా," అన్నారు. మా ఇంట్లోనూ ఏమీ కాలేదు, అప్పటిదాకా.

ఆ వారమే దీదీ కూలర్‌కు మూడో తీగ పడింది. ఆంటీ అన్నదానికి అర్థమేమిటో నాకు మాత్రం చలికాలం దాకా తెలియలేదు.

ఢిల్లీ చలికాలంలో మధ్యాహ్నం డాబా మీద ఎండకు కూర్చుని బఠాణీలు వలవడం ఒక పండుగ. ఒకనాడు అలా వలుస్తూ, "మీ ఇంట్ల ఏమైంది ఆంటీ?" అని అడిగేశాను. ఆంటీ చేతులు ఆగలేదు.

"మా తమ్ముడు. మా పెళ్లయిన కొత్తలో ఉద్యోగం వెతుక్కోడానికి మా దగ్గరికొచ్చాడు, ఆర్.కె. పురం క్వార్టర్లోకి. వాడికదే మొదటి చలికాలం. ఇనప బకెట్లో రాడ్డు నేనే పెట్టాను. వంటింట్లో ఉప్మా కలుపుతూ, ఒరే, నీళ్లు కాగాయేమో చూడు అన్నాను."

గింజలు పళ్లెంలో రాలుతూనే ఉన్నాయి.

"కాగాయని గానీ, కాగలేదని గానీ వాడు చెప్పలేదు. ఉప్మా దించి మళ్లీ అడిగాను కూడానే. ఏరా, కాగాయా అని."

ఆ ప్లగ్గు మూడో కన్నం వెనక తీగ లేదని తర్వాత తేలిందట. రాడ్డు తొడుగు ఎక్కడో చిట్లి కరెంటు నీళ్లలోకి దిగింది. తీగే ఉంటే అది భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేసేది. తీగ లేక పోయాడు, నీ మాట వల్ల కాదు అని అంకుల్ ఆనాటినుంచీ చెప్తూనే ఉన్నారు. నేనూ నాకు చేతనైన భాషలో అదే చెప్పబోయాను.

"అందరూ అదే అంటారమ్మా," అన్నారు ఆంటీ. "తీగ పెట్టనివాడెవడో నాకు తెలీదు. మాటన్నది మాత్రం నేనే కదా."

ఆ తర్వాతే గమనించాను. ఆ ఇంట్లో నీళ్లు కాగాయేమో చూడు అన్న మాట వినపడదు. తెలుగువాళ్ల ఇళ్లలో చలికాలం పొద్దున్న ఎవరో ఒకరు ఎవరితోనో ఒకరితో అనే మాట, ఉప్పందుకో, తలుపు వెయ్యి లాంటి మాట. ఆంటీ దాన్ని నోట్లోంచే తీసేశారు. నీళ్లు చూడాల్సి వస్తే మోకాళ్లు పట్టుకుని తనే లేచి వెళ్లేవారు. ఎవరినీ పంపేవారు కాదు. మమ్మల్ని రోజూ అడిగిన ప్రశ్న మా కోసమే అనుకుని నవ్వుకున్నాం. ఆమె అడిగినప్పుడల్లా పైనుంచి ఒక జవాబు రావాలి, అంతే. వచ్చేదాకా కింద మెట్ల దగ్గర నిలబడి ఉండేవారని అంకుల్ ఒకసారి చెప్పారు. మేం నిద్రమత్తులో ఎన్నిసార్లు ఆలస్యంగా పలికామో.

నేను ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు ఆంటీ గృహప్రవేశానికి రాలేకపోయారు. దగ్గు. ఆ తర్వాత చూసినప్పుడల్లా ఒకటే మాట, బల్బుకు రెండు తీగలు కట్టిన తన సామాను పట్టుకొచ్చి మా బాత్రూము ప్లగ్గు చూస్తానని. ఒక తీగ కరెంటు కన్నంలో, ఇంకోటి మూడో కన్నంలో పెట్టి చూస్తే బల్బు వెలగాలి, అప్పుడే మూడో కన్నం వెనక నిజంగా భూమి ఉన్నట్టు. ఈ ఆదివారం కాదు వచ్చే ఆదివారం అనుకుంటూ ఉండగానే దగ్గు ముదిరింది, హాస్పిటల్లో చేర్చారు. అక్కణ్ణుంచి ఫోను చేశారు, ఆయాసంతోనే.

"మీ ప్లగ్గు చూడనేలేదే నేను."

"డిశ్చార్జి గాంగనే నేనొచ్చి తోల్కపోత ఆంటీ. మీరు మాట్లాడకుండ్రి."

"సర్లే. ఇవాళ పీకావా?"

"పీకిన ఆంటీ."

ఫోను పెట్టేశారు. అదే చివరి మాట. పక్క వీధిలాంటి ఇందిరాపురానికి ఆమెను ఒక్క ఆదివారం తీసుకురాలేకపోయాను. ప్లగ్గుకేం, ఎలక్ట్రీషియన్ ఎవడైనా చూస్తాడు. ఆ బల్బు వెలగడం ఆమె చూడాల్సింది.

వైశాలి చేరేసరికి ఆంటీని వరండాలో చాప మీద పడుకోబెట్టి ఉంచారు. మధ్యాహ్నమైనా మంచు విడలేదు. గ్రూపులో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చారు. పొట్టలొచ్చినవాళ్లు, జుట్టు పల్చబడ్డవాళ్లు, పిల్లల్ని చంకనేసుకొచ్చినవాళ్లు. అంకుల్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఇలాంటివి దగ్గరుండి జరిపించే ఒక పెద్దావిడను ఎవరో పిలుచుకొచ్చారు. ఆమెకు ఆంటీతో పరిచయం లేదు.

"చన్నీళ్లు వద్దమ్మా, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయిద్దాం," అందావిడ. వరండాలోనే పెద్ద ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, పైనుంచి రాడ్డు తెచ్చి దించి స్విచ్చు వేశాం. తర్వాత పసుపు కలపడంలో, చీర వెతకడంలో పడ్డాం. కాసేపటికి పెద్దావిడ, "నీళ్లు కాగాయేమో చూద్దాం," అంటూ, చెయ్యి చాపుతూ బకెట్టు మీదికి వంగింది.

"ప్లగ్గు పీకారా?"

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అందరి నోటా ఒక్కసారే వచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ పంజాబీ దీదీ నోటినుంచి కూడా అచ్చ తెలుగులో. ఆ పెద్దావిడ హడలిపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మేం ఒకరి ముఖాలొకరు చూసుకుని, అప్పటిదాకా ఏడవనివాళ్లం కూడా ఏడ్చాం.

అంకుల్ లేచారు. స్విచ్చు ఆపారు. ప్లగ్గు పీకి, పీకినట్టు అందరికీ కనపడేలా తీగ పక్కకు తీశారు. రాడ్డు ఎత్తి, నీళ్లు విదిలించి, కిటికీ ఊచకు తగిలించారు. అప్పుడు చొక్కా చెయ్యి మడుచుకుని బకెట్లో చెయ్యి పెట్టారు. చాలాసేపు తియ్యలేదు. పెద్దావిడ ఆయన ముఖం వైపే చూస్తోంది. ఆయన చాప వైపు తిరిగారు.

"కాగాయోయ్," అన్నారు. "కాగాయి."

కిటికీ ఊచకు వేలాడుతున్న రాడ్డు చివరనుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే రాలుతున్నాయి. దాని పక్కన ప్లగ్గు, మూడు పిన్నులూ మా వైపు తిరిగి, ఒట్టి గాలిలో ఊగుతోంది.