బావ వదిలిన తెల్ల బుడగలు

పాసింజరు వచ్చి వెళ్లిపోయింది. మా బావ దిగలేదు. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో ధాన్యం షావుకారి గొడౌను గోడ దగ్గర రంగులు కలుపుకొని కూర్చున్నాను. ఈయనకి వయసొచ్చింది గానీ వేళకి రావడం రాలేదని తిట్టుకుంటుంటే ఫోన్ మోగింది. నెల్లిమర్ల నుంచి మా మేనకోడలు. "మావా, నాన్న పోనాడు" అంది. టీ తాగి, చెప్పులు వేసుకుంటూ అరుగు మీద అలాగే ఒరిగిపోయాడట. సంచీ భుజానే ఉందట. అందులో కుంచెలు, కుంచెలతోపాటు ఫ్రెంచి బొమ్మల పుస్తకం.

బావ అంటే మా అప్ప మొగుడు. అప్పంటే మా వైపు అక్క. గోడల మీద బొమ్మలు ఆయనవి, అక్షరాలు నావి. నేను పెద్దగా చదువుకోలేదు. ఎవరైనా చీటీ మీద రాసిస్తే దాన్ని గోడకెక్కిస్తాను. చదవడం నెమ్మది. రాయడంలో మాత్రం నా అక్షరం పక్కన ఇంకొకడి అక్షరం నిలబడదు. గొప్ప చెప్పుకోవడం కాదు, అనుమానముంటే వెళ్లి చూసుకోండి.

కుంచెలు తుడుచుకోవడానికి విజయనగరం తుక్కు కొట్టు నుంచి పాత కాగితాలు తెచ్చుకునేవాళ్లం. ఒకసారి కట్టలో గట్టి అట్టల పెద్ద పుస్తకాలు కొన్ని వచ్చాయి. విశాఖపట్నం రేవులో ఏదో ఓడ నుంచి దిగిన సామానన్నాడు కొట్టువాడు. పైనున్న పుస్తకంలో మొదటి కాగితం చింపి ఎర్ర రంగు కుంచె తుడిచాను. రెండోది చింపబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా! ఇదేటో సూడు."

"ఏటుంది బావా, పిల్లల బొమ్మలు."

"మంచు సూడరా. ఈడు మంచు గియ్యలేదు. సుట్టూ నాలుగు గీతలేసి కాగితం వదిలీసినాడు. అదే మంచైపోనాది!"

ఒక ముసలాయన, ఒక గాడిద, మంచు కొండలు. అదీ కథ. ఆ ముసలాయన ఇల్లు వదిలి ఎందుకు బయలుదేరాడో మాకు ఎప్పటికీ తెలియలేదు. "కత మొదలంతా మా బామ్మర్ది కుంచె తాగీసినాది" అని బావ కనబడినవాడికల్లా చెప్పేవాడు.

మేనకోడలు అట్టను ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే అది ఫ్రెంచి భాష అని తేలింది. అట్ట మీద పేర్లు రెండు. ఒకరు కథ చెప్పినాయన, ఒకరు గీసినాయన. లోపల ఇంకో పేరు, రంగులు వేసినావిడది. ఆ పేర్లకి నా నోరు తిరగదు, బావ నోరూ తిరగలేదు. మంచు చూపించాడని గీసినాయనకి 'మంచాయన' అని, ఆవిడకి 'రంగులమ్మ' అని ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. ఇక చుట్టాల సంగతులు అడిగినట్టు అడగడమే. మంచాయన బతికున్నాడేటి? ఏ కుంచె పడతాడు? ఎడమ చెయ్యా, కుడి చెయ్యా? రంగులమ్మ ఆ నీలం ఎలగ కలిపింది? మేనకోడలు "నన్ను పని సేసుకోనీ నాన్నా" అని విసుక్కుంటూనే వెతికేది. ఒక బొమ్మలాయన దొరికితే ఆయన వెనక ఇంకొకాయన దొరికేవాడు.

"ఒరే, ఒక్క పుస్తకం గియ్యడానికి ఏడాది పడతాదట! గీసినోడి సంతకం కోసం జనం వరసలో నిలబడతారట!" అన్నాడొకరోజు.

మా అప్ప వంటింట్లోంచి అంది: "నువ్వూ నిలబడుదువు గానీ, ముందెళ్లి గేసు బండ కాడ నిలబడు."

నాకు బొమ్మల పిచ్చి లేదు. నన్ను పట్టుకున్నవి బుడగలు. ఆ పుస్తకాల్లో మనిషి మాట్లాడితే నోటి దగ్గర తెల్ల బుడగ ఉంటుంది, అందులో మాట. ఒకరోజు పాసింజరులో చూస్తుంటే తట్టింది.

"బావా, ఇయి అచ్చు కాదు. సేత్తో రాసినయి. ఇదిగో, ఈ అచ్చరానికి ఇక్కడ పొట్ట లావు, అక్కడ సన్నం."

బావ పుస్తకం లాక్కుని ముక్కుకి ఆనించుకున్నాడు. "నిజమేరా! మరి రాసినోడి పేరేటి?"

ఇంటికెళ్లాక మేనకోడలు పుస్తకం అంతా తిప్పింది. లేదు. ఫోన్‌లోనూ లేదు. బావకి తిక్క రేగింది. "ఇన్ని మాటలు రాసినోడికి పేరు లేదేటి? ఆడు మనిషి కాడేటి?"

"మన గోడల మీద నా పేరుందేటి? మూలన నీ పేరే కదా" అన్నాను. ఉన్న మాటే అన్నాను. మా పనిలో అది మామూలు. బావ పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నాడు.

తర్వాత ఈ షావుకారి పని వచ్చింది. ఆయనకి కావలసింది ఒక వరి కంకి, కింద కొట్టు పేరు. బావ గోడంతా గళ్లు కొట్టాడు, ఆకుమడి నుంచి బియ్యం బస్తా దాకా కథ గీస్తానని.

"గోడకి ఇన్ని కిటికీలేటయ్యా?" అన్నాడు షావుకారు.

"కిటికీలు కావు బాబూ. రైలు దిగినోడు ఇక్కడ ఆగకపోతే నన్నడుగు."

బొమ్మ మొదలెట్టకముందే బావ మూలకి వెళ్లి తన పేరు రాశాడు. దాని కింద నా పేరు రాశాడు. ఆయన అక్షరం ఎలా ఉంటుందంటే, తడి మట్టిలో మేక నడిచినట్టుంటుంది. "కుంచె ఇటియ్యి బావా, దిద్దుతాను" అన్నాను.

"ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసీగల్ను. ఆ ప్రెంచోడి పేరు ఎవుడూ రాయలేదు. నీది నాను రాస్తాను."

ఒక్కటి తప్ప గళ్లన్నీ నిండాయి. మనుషులందరి నోటి దగ్గర తెల్ల బుడగలు వదిలాడు, నా కోసం. "మాటలేటి బావా?" అని అడిగితే "ఒక్క గడి మిగిలింది, అదవనీ. రేపొచ్చి సెప్తాను" అన్నాడు. ఆ గడి సాయంత్రం పాసింజరు వేళకి పూర్తి చేసి వెళ్లాడు. ఆ మర్నాడే రైలు దిగలేదు.

పెద్దకర్మ అయ్యాక షావుకారు పిలిచాడు. "పాపం, పెద్దాయన బంగారంలాంటోడు. గానీ ఆ తెల్ల గుండ్రాలేటని వచ్చినోడల్లా అడుగుతన్నాడు. ఏదోటి రాసీ. లేకపోతే సున్నం కొట్టించి ప్లెక్సీ కట్టించుకుంటాను."

నేను చీటీ లేకుండా ఏనాడూ ఒక్క మాట రాయలేదు. గోడ ముందు కుంచె పట్టుకుని కూర్చున్నాను. అలాగే కూర్చుంటే సున్నం పడుతుంది, బావ ఆఖరి పని పోతుంది. బావ ఏం రాయమనేవాడో అప్పకి తెలిసుంటుందని లేచి నెల్లిమర్ల వెళ్లి ఆవిడని రైలెక్కించి తీసుకొచ్చాను.

అప్ప గోడ పొడుగునా నెమ్మదిగా నడిచింది. ఊడ్పుల గడి దగ్గర ఆగింది. "ఇది నానే. నడుం పట్టుకున్నాను సూడు."

"ఏటంటన్నావప్పా?"

"ఏటంటాను? 'ఈ మడి తరగదేటే నాయినా' అంటన్నాను."

అదే రాశాను, పొల్లు పోకుండా. అటుగా పోయేవాళ్లు ఆగారు. ఇంకో గడిలో బండివాడి నోట్లో ఏ మాట పెట్టాలో ఒకాయన చెప్పాడు, అది కాదని ఇంకొకాయన దెబ్బలాడాడు. షావుకారు బయటికొచ్చి చదివి, "గోడ మీద ఇలగ రాస్తారేటి? ఇది రాతేటి?" అన్నాడు.

"మీరెలగ మాటాడతారో అలగే రాసినాను బాబూ."

ఒక గడిలో కొట్టు గుమ్మంలో నిలబడినట్టు బావ గీసిన తన బొమ్మని ఆయన చూసుకున్నాడు. "అయితే నా నోట్లో 'తూకం సూసుకోండి' అని పెట్టు" అన్నాడు. సున్నం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక ఆఖరి గడి. అందులో ఒక గోడ, గోడకి వేలాడగట్టిన చెక్క పలక మీద నిలబడి, మనకి వీపు పెట్టి ఇద్దరు ముసలాళ్లు. ఒకడు గీస్తున్నాడు, ఒకడు రాస్తున్నాడు. బుడగ గీసేవాడి నోటి దగ్గర. అప్పని అడిగాను. ఆవిడ కొంగుతో ఆ బుడగ మీద దుమ్ము తుడిచింది.

దాన్ని అలాగే ఖాళీగా వదిలేశాను. మూలన నా పేరూ దిద్దలేదు, అలాగే వంకరగా ఉంది. రైలు దిగినవాళ్లు అక్కడ ఆగి, "ఈయనేటంటన్నాడు?" అని అడుగుతుంటారు. నాకూ తెలుసుకోవాలనే ఉంది. వానకి గోడంతా తడిసి నల్లబడుతుంది. అప్పుడు ఆ బుడగ ఒక్కటీ మంచులా తెల్లగా కనిపిస్తుంది.