జగదీశ్ జలపాతాలు

శంషాబాద్ బస్టాండు నుంచి ఊళ్లోకి పోయే దారిలో, టిఫిన్ సెంటరు పై అంతస్తులో జగదీశ్ ఫొటో స్టూడియో ఉంది. ఎయిర్‌పోర్టులో కొత్తగా పనికి కుదిరినవాళ్లు, గల్ఫుకు పోయేవాళ్లు పాస్‌పోర్టు ఫొటోలకు అక్కడికే వస్తారు. గోడల మీద మాత్రం అన్నీ జలపాతాలే. మల్లెల తీర్థం, కుంటాల, బొగత. ప్రతి ఫొటో మూలన తెల్లటి అక్షరాల్లో జగదీశ్ పేరు. ఆ ఫొటోల్లో ఒక్కటి కూడా జగదీశ్ తీసింది కాదు. అన్నీ తీసింది ఆయన భార్య సుమలత.

సుమలతది శంషాబాద్ పక్క పల్లె. తండ్రి ఐలయ్య టమాటా, బెండ పండించేవాడు. ఇంటర్‌తో చదువు ఆగిపోయి, పెళ్లయి వచ్చాక ఇంట్లో ఊరికే ఉండలేక స్టూడియోలో కూర్చోవడం మొదలుపెట్టింది. ముందు ఫొటోలు కత్తిరించి కవర్లలో పెట్టింది. తర్వాత కంప్యూటర్ పట్టుకుంది. ఆ తర్వాత కెమెరా. నేర్పింది జగదీశే. విసుక్కోకుండా, ఒక్కో మీట చూపించి నేర్పాడు. ఆ మాట ఆమె ఏనాడూ కాదనలేదు.

పెళ్లికి ముందే జంటలు ఫొటోలు తీయించుకోవడం మొదలయ్యాక స్టూడియో దశ తిరిగింది. బడంగ్‌పేట్ నుంచి వచ్చిన ఒక జంట జలపాతం కావాలన్నారు. శ్రీశైలం రోడ్డు పట్టుకుని మల్లెల తీర్థం పోయారు. అడవిలో మెట్లు దిగుతుంటే సగంలోనే నీళ్ల హోరు వినబడింది. జగదీశ్ మెట్టు మీద కూలబడ్డాడు. మొహం పాలిపోయింది. చెమటలు.

"ఏమైంది?" అని సుమలత వంగి అడిగింది.

"నాతోని కాదు సుమా. చిన్నప్పుడు బాయిల పడ్డ. మోటరు నడుస్తుండె. నీళ్ల సప్పుడు ఇంటే కాళ్లు వణుకుతయి. జర ఎవ్వరికి చెప్పకు."

పెళ్లయి అన్నేళ్లయినా ఆమెకు తెలియని సంగతి అది. ఆమెకు జాలేసింది. ఇన్నాళ్లు ఈ మనిషి ఇంత భయం ఎక్కడ దాచుకున్నాడో అనిపించింది. కెమెరా బ్యాగు తన భుజాన వేసుకుని, కింద ఎదురుచూస్తున్న జంటతో, "సారుకు జ్వరమొచ్చింది, నేను తీస్త," అని చెప్పింది.

జంట ఫొటోలు అయిపోయి వాళ్లు బట్టలు మార్చుకుంటున్నప్పుడు, ఆమె స్టాండు పాతి ఒట్టి నీళ్లను తీసింది. లెన్సుకు నల్ల అద్దం తగిలించి, కెమెరా కన్ను కాసేపు తెరిచి ఉంచితే నీళ్లు గాలికి ఆరేసిన తెల్ల పంచెలా వచ్చాయి. మళ్లీ మళ్లీ తీసింది. మిట్టమధ్యాహ్నపు ఎండ పడితే నీళ్లు సున్నం కొట్టినట్టు పాడైపోతాయని, మబ్బు పట్టేదాకా ఆగాలని, తడిసిన రాయి నల్లగా నిలిస్తేనే నీళ్లకు ప్రాణం వస్తుందని అక్కడే ఆమెకు తెలిసింది. పైకి ఎక్కి వచ్చినప్పుడు నడుము దాకా తడిసి ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నీళ్ల ముందల నిలబడితే సప్పుడు చెవులకు కాదు, ఛాతీల ఇనబడ్తది," అని భర్తతో చెప్పింది. ఆయన నవ్వి టీ గ్లాసు చేతికిచ్చాడు.

అప్పటినుంచి అదే పద్ధతి. జగదీశ్ పైన కారు దగ్గర పెళ్లివాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడుతూ ఉండేవాడు. సుమలత దిగేది. ఇంటికొచ్చి ఫొటోలకు మెరుగులు పెట్టేదీ ఆమే. పేరు మాత్రం స్టూడియోది. స్టూడియో పేరంటే జగదీశ్ పేరే. అందులో ఆమెకేమీ తప్పు కనిపించలేదు. వానాకాలం ఎప్పుడొస్తుందా అని చూసేది, అంతే.

అట్లా కొన్నేళ్లు గడిచాక నగరంలో ఒక ఫొటోగ్రాఫర్ల సంఘం జగదీశ్‌ను పిలిచి సన్మానం చేసింది. బొగత ఫొటోకు మొదటి బహుమతి. సుమలత పట్టుచీర కట్టుకుని, అత్త ఈరమ్మతో కలిసి ముందు వరుసలో కూర్చుంది. శాలువా కప్పించుకున్న జగదీశ్ మైకు పట్టుకున్నాడు. తను బండల మీద ఎట్లా పాకిందీ, మోకాలి లోతు నీళ్లలో ఎట్లా నిలబడిందీ చెప్పుకొచ్చాడు. చివరికి, "ఆ నీళ్ల ముందల నిలబడితే సప్పుడు చెవులకు కాదు, ఛాతీల ఇనబడ్తది," అన్నాడు. హాలంతా చప్పట్లు. "మా ఇంటావిడ కూడా మస్తు సాయం చేస్తది. బ్యాగులు మోస్తది," అని నవ్వాడు. అందరూ ఆమె వైపు తిరిగి చూశారు. ఆమె లేచి దండం పెట్టింది.

ఇంటికి తిరిగొస్తుంటే కారు పహాడీ షరీఫ్ దాటింది. సుమలత అడిగింది.

"గట్లెందుకు చెప్పినవ్?"

"మరేం చెప్పాలె? నాకు నీళ్లంటే భయమని మైకుల చెప్పాల్నా?"

"భయం సంగతి ఎవరడిగిన్రు? నేను తీసిన అని చెప్తే అయిపోతుండె గద."

"నీ పేరు, నా పేరు వేరువేరా?"

"వేరు కాకుంటే నా పేరే ఎందుకు చెప్పలే?"

వెనక సీట్లోంచి ఈరమ్మ అందుకుంది. "మొగనికి పేరొస్తే ఇంటికి వచ్చినట్టే బిడ్డా. లొల్లి ఎందుకు?"



బహుమతి వచ్చిందంటే జనం చూడాలనుకుంటారు కదా. ఉపేందర్ అని షాద్‌నగర్ కుర్రాడు, సొంతంగా యూట్యూబ్ చానల్ నడుపుతాడు, జలపాతం దగ్గర జగదీశ్ ఫొటోలు తీస్తుంటే వీడియో చేస్తానని వచ్చాడు. జగదీశ్ కాదనలేకపోయాడు. ఒప్పుకున్నాక ఇంట్లో సుమలత దగ్గర కూర్చున్నాడు.

"నా రెయిన్‌కోటు ఏసుకుని నువ్వే దిగు. టోపీ పెట్టుకుంటే ఎనక నుంచి ఎవరికి తెల్వదు. ఉపేందర్‌ను పైనుంచి దూరంగనే తియ్యమంట. మొహం తర్వాత నేను పైన తీయించుకుంట."

సిగ్గుపడతాడేమోనని సుమలత ఆయన వైపు చూసింది. ఆయన రెయిన్‌కోటు మడత విప్పుతున్నాడు.

"నేను ఏసుకోను. దిగుతవో, దిగనని చెప్తవో నీ ఇష్టం," అంది.

దిగనని చెప్పడానికి జగదీశ్‌కు నోరు రాలేదు. వికారాబాద్ వైపు ఒక చిన్న జలపాతానికి పోయారు. ముందురోజే వాన పడి నీళ్లు ఎర్రగా దుంకుతున్నాయి. ఉపేందర్ వీడియో తీస్తుంటే జగదీశ్ నాలుగడుగులు బాగానే వేశాడు. ఐదో అడుగుకు వెనక్కి తిరగబోయాడు. పట్టుకోవడానికి సుమలత చెయ్యి చాపేలోపే పాచి మీద జారి రెండు బండల మధ్య పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నీళ్ల హోరులో ఎవరికీ వినబడలేదు గానీ ఆయన అరుపు వినబడింది. మేకలు కాస్తున్న మనుషులను పిలిచి, దుప్పట్లో వేసుకుని, ఒక కొస సుమలతే పట్టుకుని పైకి మోసుకొచ్చారు.

దవాఖానకు వచ్చిన చుట్టాలంతా ఆమెనే నిలదీశారు. "బురద బండల మీదికి ఎట్ల దిగనిచ్చినవ్? ఆడిదానివి, జర చెప్పద్దా?" ఈరమ్మ కోడలితో మాట్లాడడం మానేసింది. ఉపేందర్ వీడియోను లక్షల మంది చూశారు. జలపాతం కోసం కాలు విరగ్గొట్టుకున్న కళాకారుడని కింద కామెంట్లలో జనం ఏడ్చారు. స్టూడియోకు ఫోన్లు ఆగలేదు.

ఉపేందర్ పరామర్శకు వచ్చినప్పుడు సుమలత వరండాలోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. పాత ఫొటోల్లో బురద మీద పడ్డ తన చెప్పుల గుర్తులు, తను తడిసిన చీరతో కెమెరా దగ్గర ఉండగా ఎవరో జంట సెల్‌ఫోనులో తీసిన బొమ్మ కూడా చూపించింది. అతను నమ్మాడు. నమ్మాడు గనకే తల దించుకున్నాడు.

"నిజమే కావచ్చు అక్కా. గని ఇప్పుడు చెప్తే మంచిగుండదు. అన్న మంచంల ఉన్నడు. జనం నిన్నే తిడ్తరు."

ఆ శ్రావణంలో ఆమె ఒక్కతే శ్రీశైలం బస్సెక్కి మల్లెల తీర్థం మలుపు దగ్గర దిగింది. దారిలో దొరికిన ఆటోలో లోపలికి పోయి, మబ్బు కమ్మేదాకా కూర్చుని, తృప్తిగా ఫొటోలు తీసింది. అంత మంచి ఫొటోలు తను ఎప్పుడూ తీయలేదని ఆమెకే అనిపించింది. మొదటిసారి సుమలత అని సొంత పేరు రాసి ఇన్‌స్టాలో పెట్టింది. చూసినవాళ్లు మెచ్చుకోలేదని కాదు. "జగదీశ్ అన్నను బాగా కాపీ కొట్టినవ్ అక్కా," అని ఒకరు. "అన్న ఫొటోల్లో ఉండే ఫీల్ రాలేదు, ప్రయత్నం బాగుంది," అని ఇంకొకరు. అన్నిటికంటే పైన జగదీశ్ మంచంలోంచి రాసిన మాట ఉంది: "నా భార్య, నా శిష్యురాలు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నది. ఆశీర్వదించండి."

ఫోను పట్టుకుని ఆయన గదిలోకి పోయింది. "ఇది తీసెయ్."

"మెచ్చుకున్నగా! దానికి గూడ కోపమేనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం చూశాక ఆమె బయటికి వచ్చేసింది. ఇన్‌స్టాలోంచి తన ఫొటోలు తనే తీసేసింది. మళ్లీ జలపాతాల దిక్కు పోలేదు.

జగదీశ్ చేతికర్ర పట్టుకుని లేచాక, దిగడానికి లక్ష్మణ్ అనే కొత్త కుర్రాణ్ని పెట్టుకున్నాడు. చురుకైనవాడు, కానీ ఓపిక తక్కువ. ఎండలోనే తీసుకొచ్చేస్తాడు. వాడు తీసిన మొదటి ఫొటో, కుంటాలది, గోడకు ఎక్కిననాడు సుమలత దగ్గరికి పోయి చూసింది. నీళ్లు సున్నం ముద్దలా ఉన్నాయి. రాయి బూడిద రంగులో చచ్చి ఉంది. ఇప్పుడైనా జనానికి తేడా తెలుస్తుందనుకుంది. ఫోను తెరిచి చూస్తే ఎప్పటిలాగే వందల మెచ్చుకోళ్లు. జగదీశ్ అన్న మళ్లీ వచ్చిండు, చెయ్యి అదే చెయ్యి, అని.

లక్ష్మణ్ బ్యాగు సర్దుకుంటున్నాడు. ఆమె అడిగింది.

"తమ్మీ, నువ్వు తీసిన ఫొటో మీద నీ పేరెందుకు రాసుకోవు?"

"అన్న పేరుంటేనే కదక్కా ఎవరన్న చూసేది," అన్నాడు వాడు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

మెట్లెక్కి ఎవరో వచ్చారు. ఎయిర్‌పోర్టు పాసు కోసం ఫొటో కావాలట. సుమలత స్టూలు ముందుకు జరిపి, లైటు వేసి, గడ్డం జర పైకెత్తమని చెప్పింది.