కుర్చీల్ని బట్టి కొయ్యమాకండి

ఆపా పోయిందని ఫోను వచ్చేటప్పటికి నేను గురజాలలో ఒక బడి కంప్యూటర్లు బాగుచేస్తూ ఉన్నాను. ఫోను చేసింది ఆమె తమ్ముడు. "పొద్దున టీ తాగి గోడకి ఆనుకొని కూర్చుంది. అట్టాగే పోయింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తాం, వచ్చెయ్" అన్నాడు. నరసరావుపేట బస్సెక్కాను.

ఆమె మా వీధిలో అందరికీ ఆపా, అంటే అక్క. హిందువుల పిల్లలమైనా మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఇంజనీరింగ్ కాలేజీలో సాఫ్ట్‌వేర్ పాఠం చెప్పేది. నేను అక్కడే ఆమె దగ్గర చదువుకున్నాను. పెద్ద సాఫ్ట్‌వేర్‌ని ఒకే ముద్దగా కట్టకుండా, ఒక్కో పనికి ఒక్కో విడి భాగంగా కట్టడం ఆమె చెప్పే పాఠం. ఆ భాగాల్నే సర్వీసులంటారు. ఎవరికి ఏది కావాలో ఆ సర్వీసును అడుగుతారు, అది జవాబిస్తుంది. ముక్కలు చెయ్యడం ఎవరికైనా వస్తుంది, ఎక్కడ కొయ్యాలో తెలియడమే కష్టమనేది ఆపా.

ఒకసారి మమ్మల్ని బస్టాండుకి పంపి, అక్కడికి ఏమేం సర్వీసులు కావాలో తేల్చుకు రమ్మంది. నేను వచ్చి బోర్డు మీద గర్వంగా డబ్బాలు గీశాను. డ్రైవర్ సర్వీసు, కండక్టర్ సర్వీసు, డిపో సర్వీసు.

"ఒరేయ్, బస్టాండులో నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

"ఒక ముసలామె, ఆపా."

"ఏమడిగింది?"

"మాచర్ల బస్సు ఎప్పుడుందని."

"మరి అది నీ బొమ్మలో ఏదిరా?"

క్లాసంతా నవ్వింది. ఆపా నవ్వలేదు. అరచేత్తో నా డబ్బాలన్నీ తుడిచేసి, ఆ సుద్ద చున్నీకి రాసుకుంది. "కుర్చీల్ని బట్టి కొయ్యమాకండి. జనం దేనికోసం వచ్చారో చూసి కొయ్యండి" అంది.

తర్వాత ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రి, కొత్త సాఫ్ట్‌వేర్ కట్టుకుంటూ ఆమెను పిలిచింది. ఆపా కాలేజీ మానేసి వెళ్ళింది. చదువు పూర్తయిన నన్నూ తీసుకెళ్ళింది. వారాల తరబడి ఓపీ బెంచీ మీద రోగుల మధ్యే కూర్చుంది. ఎవరు ఎక్కడ ఏమడుగుతున్నారో, ఏ మాట ఎన్ని చోట్ల మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తుందో చూసింది. చూసి, అన్నిటికన్నా ముందు ఒక సర్వీసు కావాలని తేల్చింది. ఫలానా రోగికి ఏ మందు పడదో చెప్పే సర్వీసు. అది ఆసుపత్రి మొత్తానికీ ఒక్కటే ఉండాలి.

మీటింగులో ఎమర్జెన్సీ విభాగం పెద్ద ఒప్పుకోలేదు. "మా పేషెంటు సంగతి మా దగ్గరుంటది. ప్రతిదానికీ ఓపీ వాళ్ళని అడుక్కోవాలా?"

"మీరడిగేది ఓపీ వాళ్ళని కాదు సార్. ఆ సమాచారం మీదీ కాదు, వాళ్ళదీ కాదు. పేషెంటుది" అంది ఆపా.

నేనూ ఆమె పక్షానే మాట్లాడాను. ఆసుపత్రి యజమాని పెద్ద డాక్టరు మా ఇద్దరినీ చూసి చిరునవ్వు నవ్వాడు. "ఎవరిది వాళ్ళకుంటే పోట్లాట ఉండదమ్మా. అట్టాగే కట్టు" అన్నాడు.

బయటికి వచ్చాక, "మానేద్దాం ఆపా" అన్నాను.

"మనం పోతే ఇంకా అధ్వానంగా కడతారురా" అంది.

కట్టాం. ఒక్కో విభాగానికి ఒక్కో రోగుల పట్టీ. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు.

ఆ మిరపకోతల కాలంలో మాచవరం వైపు కూలీల ఆటో తిరగబడింది. స్పృహలేని ఒక పిల్లను ఎమర్జెన్సీకి తెచ్చారు. అంతకుముందు జ్వరానికి ఆ ఆసుపత్రికే వచ్చినప్పుడు, ఒక ఇంజెక్షను ఆమెకు పడదని ఓపీ కంప్యూటర్లో ఎక్కించి ఉన్నారు. ఎమర్జెన్సీ తెరమీద పడని మందుల గడి ఖాళీగా ఉంది. ఖాళీ అంటే తెలియదని అర్థం. వాళ్ళు ఏమీ లేదని చదువుకున్నారు. అదే ఇంజెక్షను వేశారు. తల్లి వచ్చేసరికి పిల్ల లేదు.

సాఫ్ట్‌వేర్‌దే తప్పని పెద్ద డాక్టరు అందరికీ చెప్పాడు. సూది వేసిన నర్సునీ, ఆపానీ తీసేశారు. మీటింగులో కుర్చీల కోసం కొట్లాడిన వాళ్ళు ఆ కుర్చీల్లోనే ఉన్నారు. నా అంతట నేనే బయటికొచ్చాను.

ఆపా మాచవరం వెళ్దామంది. వద్దన్నా వినలేదు. ఆ ఇంటి వసారాలో తల్లి మాకు మంచం వాల్చింది.

"నువ్వు డాక్టరమ్మవా?"

"కాదు పెద్దమ్మా. ఆ కంప్యూటర్ల పని చేశాను."

"మా పిల్లకి ఆ సూది పడదని ఆడనే రాసుకున్నారు గదమ్మా. మళ్ళీ ఎందుకేశారు?"

సర్వీసులూ విభాగాలూ ఆ తల్లికి ఏమని చెప్పగలం? ఆపా ఆమె చెయ్యి పట్టుకొని కూర్చుంది. తిరుగు ప్రయాణంలో పిడుగురాళ్ళ దాటాక, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను చెప్పిందే కరెక్టు. ఐతే ఏంది?" అంది.

కాలేజీ ఆమెను మళ్ళీ తీసుకోలేదు. ఇంట్లోనే పిల్లలకు పాఠాలు చెప్పుకుంది. ఎంత బాగా చెప్పినా, పేరు అడిగినవాళ్ళు ఆసుపత్రి సంగతి కూడా అడిగేవాళ్ళు.

కొన్నేళ్ళకి ఆ ఆసుపత్రి బయటి కంపెనీతో సాఫ్ట్‌వేర్ మళ్ళీ కట్టించింది. అక్కడ పనిచేసే కుర్రాడొకడు నాకు చూపించాడు. ఆపా చెప్పిన సర్వీసే, ఆసుపత్రికంతటికీ ఒక్కటి. ఎంతో గొప్పగా సభపెట్టి ప్రారంభించారు. ఆమెకి సంతోషంగా ఉంటుందని పరిగెత్తుకెళ్ళి చెప్పాను. వెల్లుల్లి ఒలుస్తూ వింది.

"మంచిదే" అంది. ఇంకో రెబ్బ ఒలిచి, "చానా మంచిదే. ఐతే ఆ పిల్ల చచ్చిపోతేగానీ అర్థం కాలేదా వాళ్ళకి?" అంది. ఆ రోజు నాకు టీ కూడా పెట్టలేదు. ఆమె ఇంట్లో టీ లేకుండా నేను లేచి రావడం అదొక్కసారే.

ఖబరస్తాన్‌లో ఆపాను మన్ను చేసి వచ్చేసరికి వీధి మొదట్లో ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన ఆసుపత్రి పేరు, మధ్యలో ఆపా ఫొటో, కింద చేతులు జోడించిన పెద్ద డాక్టరు. 'మా సాంకేతిక మార్గదర్శికి కన్నీటి నివాళి' అని రాశారు. పోయినవాళ్ళ ఫొటో గోడకి కూడా తగిలించని ఇల్లది.

ఆమె తమ్ముడు డీజిల్ ఇంజన్ల మెకానిక్కు. ఫ్లెక్సీ కేసి ఒక్క క్షణం చూశాడు. ఇంటి పక్కనున్న తన షెడ్డులోంచి కత్తి తెచ్చి తాళ్ళు కోశాడు. అప్పుడే తుంపర మొదలైంది. షెడ్డు బయట ఎవరో రైతుది, విప్పి పెట్టిన ఇంజను తడుస్తోంది. బొమ్మవైపు లోపలికి వచ్చేలా ఫ్లెక్సీని దానిమీద కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. తెల్లటి వెనకవైపు పల్లంలో వాన నీళ్ళు చేరుతుంటే, తడిసిన టోపీతో అతను దాని పక్కనే చాలాసేపు నిలబడ్డాడు.