రెండడుగుల పట్టాల గేటు

తొంభైల్లో ఒకసారి కాకినాడ నుంచి పనిమీద మిర్యాలగూడ వెళ్లాను. రైసుమిల్లులో పని ముగించుకుని స్టేషన్‌కి బయల్దేరితే మిల్లు ఆవరణలోనే దారికడ్డంగా తాడు కట్టి ఉంది. అవతల రెండడుగుల వెడల్పు పట్టాలు, వాటిమీద వడ్ల బస్తాలున్న తోపుడు ట్రాలీ. తాడు దగ్గర ఎర్రగుడ్డ పట్టుకుని ముసలి వాచ్‌మన్. కాలెత్తి తాడు దాటబోయాను. విజిల్ ఊదాడు.

"బండి పోయినంక పో బిడ్డా."

"తాతగారూ, అది కదలడం లేదు కదా! అవతల నా రైలు వెళ్లిపోతుంది."

"తోసెటోళ్లు చాయ్‌కి పోయిండ్రు. వస్తరు."

పక్కనున్న గుమాస్తా నా చెవిలో చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అస్సాంలో పటాలానికి తిండి మోసిన ఇలాంటి చిన్నరైలుకు ఆయన గేటు కాశాడట. ఇక్కడ మిల్లు యజమానైనా ఆ తాడు ముందు ఆగాల్సిందేనట.

ఇక లాభం లేదని సంచిని బస్తాల మీద పడేసి ట్రాలీని నేనే తోశాను. తాత పచ్చగుడ్డ ఊపి, సెల్యూట్ కొట్టి, తాడు విప్పాడు. సరిగ్గా అప్పుడే స్టేషన్ వైపు నుంచి నా రైలు బయల్దేరిన కూత వినిపించింది.

"యుద్ధంల గూడ నా లైన్‌ల ఒక్క బండి లేట్ కాలే," అన్నాడు తాత గర్వంగా. "ఇగ నీ రైలు రేపే గద. జర వాపస్ బండి గూడ తోసి పో."