డెన్మార్క్ ఆయనతో నా ఆట

సౌదీలోని రాస్ తనూరాలో ఒక డెన్మార్క్ ఇంజనీరును నేను టెన్నిస్‌లో ఆరు–సున్నాతో ఓడించాను. ఆయన మామూలు మనిషి కాదు. వాళ్ల నాయనమ్మ వందేళ్ల కిందట ఆ దేశంలో పేరు మోసిన టెన్నిస్ క్రీడాకారిణి. అంటే ఒక వంశాన్నే ఓడించానన్నమాట.

ఈ సంగతి మా పనివాళ్ల క్యాంపులో చెబితే, నా గదిలో ఉండే జగిత్యాల ప్లంబరు అన్నం కలుపుతూనే అడిగాడు.

"గట్లనా కాకా? రాకెట్‌తోనా, చీపురుతోనా?"

దొరికిపోయాను. నిజం చెబుతాను. ఆ ఇంజనీర్లు ఉండే కాంపౌండులో నాది మెయింటెనెన్స్ పని. ఇసుక గాలి వీచినప్పుడల్లా టెన్నిస్ కోర్టు ఊడ్చేది నేనే. ఇది పంతొమ్మిదో ఏడు. బంతులేరి ఇచ్చాను, వల బిగించాను, బంతిని మాత్రం ఒక్కసారీ కొట్టలేదు. కొట్టాలని ఎంత ఉండేదంటే, ఎవరూ లేనప్పుడు చీపురును రెండు చేతులా పట్టుకుని గాలిని కొట్టేవాణ్ని.

ఆ ఇంజనీరు నా ఈడువాడే. ఆట అయ్యాక బెంచీ మీద కూర్చుని, నాకూ ఒక నీళ్ల సీసా ఇచ్చి, నాయనమ్మ సంగతులు చెప్పేవాడు. మడమల దాకా గౌను వేసుకుని ఆడేదట. చలికాలమంతా మంచే కాబట్టి పైకప్పున్న హాల్లో, చెక్క నేల మీద ఆట. ఓడలెక్కి పరాయి దేశాలకు వెళ్లి కప్పులు తెచ్చింది. తర్వాత గౌన్లు పొట్టివై, ఆట వేగమై, మొదటి రౌండులోనే ఓడిపోయే రోజులొచ్చాయి. అయినా వెళ్లేది. ముసలితనంలో మనవడితో ఆడేది. ఆరేళ్ల పిల్లవాడని ఒక్క పాయింటూ వదిలేది కాదట. ఏడ్చేవాణ్ని అని చెప్పి నవ్వేవాడు. నాకు మాత్రం ఆ పిల్లవాడి మీద అసూయగా ఉండేది.

ఫైనల్ ఎగ్జిట్ వేసి నన్ను ఇక ఇంటికి పంపేస్తున్నారని తెలిసిన వారం, వెళ్లేలోగా ఒక్కసారి ఆడాలనుందని ఆయనతో అన్నాను. శుక్రవారం పొద్దున రమ్మన్నాడు. చీపురు లేకుండా ఆ కోర్టులోకి వెళ్లడం అదే మొదలు. ఆయన తన రెండో రాకెట్ నాకిచ్చి, అటువైపు నుంచి బంతి మెల్లగా వేశాడు. రెండుసార్లు గాలినే కొట్టాను. మూడోసారి తగిలింది. ఆ అదురు మోచేతి దాకా పాకింది. బంతి వల దాటి, తాపీగా వెళ్లి ఆయన ముందే పడింది. ఎవరైనా కొట్టగల బంతి. ఆయన రాకెట్ దించి, నవ్వుతూ వదిలేశాడు.

"ఫిఫ్టీన్–లవ్" అన్నాడు, మొదటి పాయింటు నాదేనన్నట్టు.

"నో సార్. యూ హిట్" అన్నాను.

వేళాకోళమనుకున్నాడు. వల దగ్గరకొచ్చి చెయ్యి కలిపి, ఫొటో తీసుకుని, టైమైందని వెళ్లిపోయాడు. ఆ పదిహేనే నా నోట్లో పడి ఆరు–సున్నా అయింది. మర్నాడే ఆయన సెలవు మీద వాళ్ల దేశం పోయాడు. తిరిగొచ్చేసరికి నేనుండను.

నిన్న మళ్లీ ఇసుక గాలి. ఊడుస్తూ ఆయన నిలబడ్డ చోటికొచ్చి ఆగాను. ఆ బంతిని వాళ్ల నాయనమ్మ కొట్టినట్టు గట్టిగా తిప్పి కొట్టి ఉంటే, నేను పరుగెత్తేవాణ్ని. అందేది కాదనుకోండి. అయినా పరుగెత్తేవాణ్ని.